అమెరికాలో ఎంఎస్ మధ్యలో మానేయాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు, జనవరి సెమిస్టర్లు మొదలైన నెలలోపే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువగా రాత్రిపూట. "అక్కా, నా వల్ల కావట్లేదు, వచ్చేద్దామనుకుంటున్నా" అనేవే. నేను అక్కడ ఎంఎస్ చేసినదాన్ని, మొదటి సెమిస్టర్లోనే మానేద్దామని ఫారం తెరిచి కూర్చున్నదాన్ని. మా తమ్ముడు రెండో సెమిస్టర్లో నిజంగానే మానేసి వచ్చాడు. అందుకే ఫోన్ చేసిన వాళ్ళెవరికీ "ఉండు" అనిగానీ "వచ్చెయ్" అనిగానీ చెప్పను. ఏ పని ముందు చెయ్యాలో, ఏది తర్వాతో మాత్రం చెబుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం ఆ వరస తప్పడం వల్లే జరుగుతోంది. ఇక్కడున్నవన్నీ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద అమెరికా వెళ్ళే మన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు అడిగిన ప్రశ్నలు. మీకు కావలసింది నేరుగా చూసుకోండి.

## విమానం ఎక్కకముందు

వీసా వచ్చేసింది. కానీ వెళ్ళాలనిపించడం లేదు. ఇప్పుడు మానేస్తే ఎంత పోతుంది?

వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు తిరిగి రావు. యూనివర్సిటీకి కట్టిన డిపాజిట్ సంగతి వాళ్ళ ఆఫర్ లెటర్లోనే రాసి ఉంటుంది. కొన్నిచోట్ల ఫలానా తేదీలోపు చెబితే ఇస్తారు, కొన్నిచోట్ల అసలు ఇవ్వరు. టికెట్ రద్దుకి ఎయిర్‌లైన్ కోత ఉంటుంది. మొత్తం కలిపినా, అక్కడికి వెళ్ళి నెల తర్వాత మానేస్తే పోయేదాంట్లో ఇది చిన్న వంతే. మనసు ఒప్పుకోకపోతే ఆగడానికి తక్కువ ఖర్చయ్యేది ఇప్పుడే.

చెప్పకుండా ఊరుకోవద్దు. రావడం లేదని యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. లోను శాంక్షన్ అయి ఉంటే బ్యాంకుకీ చెప్పండి, లేదంటే మొదటి సెమిస్టర్ ఫీజు వాళ్ళు పంపేసే ప్రమాదం ఉంది.

పూర్తిగా మానేయకుండా వచ్చే సెమిస్టర్‌కి వాయిదా వేసుకోవచ్చా?

చాలా యూనివర్సిటీలు ఒకసారి వాయిదాకి ఒప్పుకుంటాయి, దాన్నే డెఫరల్ అంటారు. అడ్మిషన్ ఆఫీసుకి కారణం రాసి అడగాలి. కొత్త ప్రారంభ తేదీతో ఐ-20 (వీసాకి కావలసిన యూనివర్సిటీ పత్రం) ఇస్తారు. అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్నలు రెండు. స్కాలర్‌షిప్ ఉంటే అది నిలుస్తుందా? ఐ-20 మీద సెవిస్ నంబరు పాతదేనా, మారుతుందా? నంబరు మారితే ఇప్పటికే వచ్చిన వీసా పనికొస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే టికెట్ బుక్ చేసుకోండి. ఇంట్లో ఆరోగ్య సమస్య ఉన్నా, లోను ఇంకా తేలకపోయినా మానేయడం కంటే వాయిదా మేలు.

"ముందు ఏదో ఒక యూనివర్సిటీకి వెళ్ళు, అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చు" అంటున్నారు కన్సల్టెన్సీ వాళ్ళు. నిజమేనా?

మార్చుకునే వీలైతే ఉంది. కానీ మొదటిసారి దేశంలో అడుగుపెట్టేటప్పుడు వీసా మీద పేరున్న యూనివర్సిటీలోనే చేరాలి. దిగగానే మారిపోవాలన్న ఉద్దేశంతో వెళ్తే విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి అడిగే ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పలేరు. పైగా మొదటి సెమిస్టర్ పూర్తి చేస్తే తప్ప చాలా యూనివర్సిటీలు బదిలీ విద్యార్థిని తీసుకోవు. ఆ సెమిస్టర్ ఫీజు మీదే కదా. ఇష్టం లేని చోటికి వెళ్ళాలంటే ఆ ఒక్క సెమిస్టర్ ఖర్చు భరించగలమా అన్నది ఇంట్లోనే లెక్క వేసుకోండి.

## వెళ్ళిన కొత్తలో

వచ్చి మూడు వారాలైంది. రోజూ ఏడుపొస్తోంది. ఇది బెంగా, లేక నిజంగానే తప్పు నిర్ణయం తీసుకున్నానా?

నాకు గుర్తున్న దృశ్యం ఒకటుంది. రాత్రి రెండింటికి వంటగదిలో నేల మీద కూర్చున్నాను. లాప్‌టాప్‌లో విత్‌డ్రాయల్ ఫారం, పక్కన రైస్ కుక్కర్లో మధ్యాహ్నం అన్నం. ఫోన్లో అమ్మ "తిన్నావా?" అంటోంది. తిన్నానన్నాను. ఆ రోజు ఏమీ తినలేదు.

ఆ ఫారం నింపకుండా ఆపింది ధైర్యం కాదు, ఒక కాగితం. నన్ను బాధపెడుతున్నవన్నీ దాని మీద రాశాను. నిద్ర లేదు, రూమ్మేట్లతో పడటం లేదు, ప్రొఫెసర్ మాట అర్థం కావడం లేదు, నాన్న అప్పు, అసలు నాకు ఈ సబ్జెక్టే ఇష్టం లేదు. తర్వాత ఒక్కోదాని ఎదురుగా "ఆరు నెలల్లో మారుతుందా?" అని రాసుకున్నాను. నాలుగింటికి మారొచ్చు అనిపించింది. చివరిదానికి మారదు అని రాశాను. నేను మార్చుకోవాల్సింది దేశాన్ని కాదు, కోర్సుని అని అప్పుడు తెలిసింది.

బెంగ సాధారణంగా వచ్చిపోతూ ఉంటుంది. తిండి, నిద్ర, నలుగురితో మాటా కుదిరే కొద్దీ తగ్గుతుంది. అప్పు తీర్చే దారి కనపడకపోవడం, చదువు మీదే ఇష్టం లేకపోవడం, ఆరోగ్యం క్షీణించడం లాంటివి కాలంతో వాటంతటవే తగ్గవు. మీ బాధ ఏ రకమో తేలేదాకా ఫారం ముట్టుకోవద్దు. మీ క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చాలాచోట్ల దాని ఖర్చు మీరు కట్టిన స్టూడెంట్ ఫీజులోనే కలిసి ఉంటుంది.

బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే మాత్రం కాగితాలూ లెక్కలూ పక్కన పెట్టండి. అమెరికాలో 988కి ఫోన్ చేయండి. ఇండియాలో టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. ఏ డిగ్రీ అయినా మీ తర్వాతే.

ఒక సబ్జెక్టు మరీ కష్టంగా ఉంది. దాన్ని మాత్రం డ్రాప్ చేసేస్తే?

డీఎస్ఓని అడగకుండా చేయకండి. డీఎస్ఓ అంటే మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ ఇమిగ్రేషన్ రికార్డు చూసే అధికారి. ఎఫ్-1 విద్యార్థి ప్రతి రెగ్యులర్ సెమిస్టర్లో ఫుల్ టైమ్ చదవాలి. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్‌కి అది 9 క్రెడిట్లు. నేను ఒక శుక్రవారం రాత్రి చిరాకులో పోర్టల్‌లో ఒక సబ్జెక్టు డ్రాప్ చేసి 6 క్రెడిట్లకి వచ్చేశాను. బటన్ నొక్కడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. సోమవారం పొద్దున్నే ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్ చూసి గుండె గుభేలుమంది. సబ్జెక్టులు చేర్చుకునే గడువు ఇంకా రెండు రోజులుంది కాబట్టి మరో క్లాసులో చేరి బయటపడ్డాను.

నిజంగా చదవలేకపోతే చట్టప్రకారమే వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌తో మొదట్లో ఇబ్బంది, అక్కడి బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం వంటి కారణాలతో ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారి తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇస్తారు. అప్పుడు కూడా కనీసం సగం లోడ్ చదవాలి. అనుమతి వచ్చాకే డ్రాప్ చేయాలి.

ఆరోగ్యం బాగోలేదు. మానేయడం తప్ప దారి లేదా?

ఉంది. లైసెన్స్ ఉన్న డాక్టర్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ లెటర్ ఇస్తే, డీఎస్ఓ అనుమతితో ఆ సెమిస్టర్ క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, అవసరమైతే అసలు చదవకుండా కూడా ఉండొచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల దాకా ఈ వీలుంది, ప్రతి సెమిస్టర్‌కీ కొత్తగా అనుమతి తీసుకోవాలి. డిప్రెషన్, తీవ్రమైన యాంగ్జైటీ కూడా ఆరోగ్య సమస్యలే. మనవాళ్ళు ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడి మామూలుగా విత్‌డ్రా అయిపోతారు. అలా వెళ్ళిపోయినవాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ యూనివర్సిటీ వద్దు, వేరేదానికి మారతాను. మానేసి మళ్ళీ చేరాలా?

మానేయకూడదు. ఎఫ్-1 స్టేటస్ (విద్యార్థిగా అక్కడ ఉండే చట్టబద్ధ హోదా) చెల్లుబాటులో ఉండగానే మారాలి. ముందు కొత్త యూనివర్సిటీ అడ్మిషన్ చేతిలో ఉండాలి. తర్వాత పాత డీఎస్ఓ మీ సెవిస్ రికార్డుని ఒక తేదీకి కొత్తచోటికి విడుదల చేస్తారు. ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారో కొత్త డిపార్ట్‌మెంటునే అడగండి. ఎంఎస్‌లో సాధారణంగా కొద్దిగానే, అదీ బి లేదా అంతకన్నా మంచి గ్రేడు వచ్చినవే తీసుకుంటారు.

ఫీజు తక్కువ, క్లాసులుండవు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే ఆగండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీలో ఇమిగ్రేషన్ అధికారులు సోదాలు జరిపినప్పుడు ఎక్కువగా నష్టపోయింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన విద్యార్థులే. కొందరి కాళ్ళకి నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, అధికారులే నడిపిన వల అని బయటపడింది. అరెస్టయిన 130 మంది దాకా విద్యార్థుల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఇంటికి గౌరవంగా తిరిగి రావడం అలాంటి చోట చేరడం కంటే వంద రెట్లు మంచిది.

డబ్బు సరిపోవడం లేదు. బయట పని చేసుకుంటూ నెట్టుకురావచ్చా?

క్యాంపస్‌లో సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. బయట గ్యాస్ స్టేషన్లోనో రెస్టారెంట్లోనో చేతికి డబ్బులిచ్చే పని చట్టవిరుద్ధం. అది బయటపడితే మానేసి వచ్చిన దానికంటే పెద్ద దెబ్బ, మళ్ళీ వీసా దొరకడమే కష్టమవుతుంది. ఊహించని ఆర్థిక కష్టం వస్తే బయట పనికి ప్రభుత్వ అనుమతి అడిగే దారి ఒకటుంది కానీ ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే. ముందుగా డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్‌షిప్, యూనివర్సిటీ అత్యవసర నిధి, ఫీజు వాయిదాల పద్ధతి గురించి అడిగి చూడండి. అడిగితే పోయేదేమీ లేదు.

## మానేయాలని తేల్చుకున్నాక

ముందుగా ఎవరికి చెప్పాలి?

డీఎస్ఓకి. ఆ తర్వాతే అకడమిక్ అడ్వైజర్, రిజిస్ట్రార్, ఫీజుల ఆఫీసు. ముందు క్లాసులన్నీ డ్రాప్ చేసి తర్వాత డీఎస్ఓ దగ్గరికి వెళ్తే అప్పటికే రికార్డు చెడిపోయి ఉండొచ్చు. ఏ తేదీన వెళ్ళాలనుకుంటున్నారో, టికెట్ ఎప్పటికి దొరుకుతోందో చెప్పండి. అనుమతి తేదీని దానికి దగ్గరగా పెట్టమని అడగొచ్చు.

అనుమతి ఇచ్చాక ఎన్ని రోజుల్లో దేశం వదలాలి?

15 రోజుల్లో. డిగ్రీ పూర్తి చేసినవాళ్ళకి ఇచ్చే 60 రోజులు మధ్యలో మానేసినవాళ్ళకి వర్తించవు. అనుమతి లేకుండా మానేస్తే ఒక్క రోజు కూడా ఉండదు. భార్యో భర్తో ఎఫ్-2 మీద వచ్చి ఉంటే వాళ్ళూ మీతోపాటే బయల్దేరాలి.

అనుమతితో మానేసినా సెవిస్‌లో "టెర్మినేటెడ్" అనే పడుతుంది. ఆ మాట చూసి హడలిపోయినవాళ్ళు ఎందరో. దాని పక్కన కారణం "అనుమతితో ముందుగా విత్‌డ్రా" అని ఉంటే అది తప్పు చేసినట్టు కాదు. ఆ రికార్డు కాపీ, డీఎస్ఓ మెయిళ్ళు, పాత ఐ-20లు అన్నీ దాచుకోండి.

ఎవరికీ చెప్పకుండా క్లాసులకి వెళ్ళడం మానేస్తే సరిపోదా?

దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. క్లాసుకి రాకపోవడం విత్‌డ్రాయల్ కిందికి రాదు. పేరు జాబితాలో ఉన్నంతకాలం ఫీజు పడుతూనే ఉంటుంది, సబ్జెక్టులన్నిట్లో ఎఫ్ (ఫెయిల్) గ్రేడు వస్తుంది, స్టేటస్ పోతుంది. ఫీజు బాకీ ఉంటే ట్రాన్‌స్క్రిప్టు కూడా ఆపేయొచ్చు. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్తుంది.

కట్టిన ఫీజులో ఎంత తిరిగొస్తుంది?

తేదీని బట్టి. ప్రతి యూనివర్సిటీకీ రీఫండ్ క్యాలెండర్ ఉంటుంది. క్లాసులు మొదలుకాకముందు లేదా మొదటి వారంలో దాదాపు మొత్తం వస్తుంది, తర్వాత వారం వారం తగ్గుతూ సెమిస్టర్ సగానికి వచ్చేసరికి చాలాచోట్ల సున్నా అవుతుంది. ఒక్క రోజు ఆలస్యంతో లక్షలు పోవచ్చు. అందుకే ఆ క్యాలెండర్ ఇవాళే తీసి చూడండి. రీఫండ్ గడువు దాటిపోయి ఉంటే, ఆరోగ్యం కుదిరితే, ఆ సెమిస్టర్ పూర్తి చేసే రావడం నయం. ఫీజు ఎలాగూ పోయింది, గ్రేడ్లైనా చేతికొస్తాయి.

డబ్బు సాధారణంగా కట్టిన దారిలోనే వెనక్కి వెళ్తుంది. అది వచ్చేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి.

ట్రాన్‌స్క్రిప్టులో డబ్ల్యూ పడితే భవిష్యత్తు పాడవుతుందా?

పాడవదు. డబ్ల్యూ అంటే గడువులోపు విత్‌డ్రా అయ్యారని. అది జీపీఏలో కలవదు. ఎఫ్ కలుస్తుంది. ఎంఎస్‌లో సాధారణంగా 3.0 జీపీఏ నిలుపుకోవాలి కాబట్టి రెండు ఎఫ్‌ల కంటే రెండు డబ్ల్యూలు ఎంతో మేలు. రెండు సెమిస్టర్లు పూర్తయి ఉంటే, ఆ క్రెడిట్లతో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇచ్చే వీలుందా అని డిపార్ట్‌మెంటుని అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు.

ఇప్పటిదాకా చదివినదానికి ఓపీటీ వస్తుందా?

డిగ్రీ పూర్తి చేయకుండా మానేస్తే, డిగ్రీ తర్వాత ఇచ్చే ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) రాదు. ఒక్క సెమిస్టరే మిగిలి ఉంటే ఈ సంగతి బాగా ఆలోచించుకోండి.

అపార్ట్‌మెంట్ లీజు ఇంకా ఎనిమిది నెలలుంది. ఏం చేయాలి?

చెప్పకుండా వచ్చేస్తే మీ వాటా అద్దె రూమ్మేట్ల నెత్తిన పడుతుంది. చాలా లీజుల్లో సంతకం పెట్టిన అందరూ మొత్తం అద్దెకి బాధ్యులు. లీజింగ్ ఆఫీసుని అడిగి, మీ స్థానంలో ఇంకొకరిని పెట్టండి. క్యాంపస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో జనవరికీ ఆగస్టుకీ ముందు మనుషులు తేలిగ్గా దొరుకుతారు. మీ పేరు తీసేసినట్టు ఆఫీసు నుంచి రాతలో తీసుకోండి, నోటిమాట చాలదు.

ట్యాక్స్ ఏమైనా ఉంటుందా?

ఆదాయం లేకపోయినా ఫారం 8843 పంపాలి. క్యాంపస్ ఉద్యోగం చేసి ఉంటే మరుసటి ఏడాది ఏప్రిల్ 15లోపు 1040-ఎన్ఆర్ వేయాలి. చాలామందికి జీతంలో కోసుకున్నదాంట్లో కొంత తిరిగొస్తుంది కూడా. ఇండియా నుంచే వేయొచ్చు.

## లోను, ఇల్లు

లోను మొత్తం ఒకేసారి కట్టమంటారా?

చాలా ఇళ్ళల్లో నిద్ర పట్టనివ్వనిది ఈ ప్రశ్నే. మా తమ్ముడు వస్తానన్న వారం నాన్నతో నేనూ బ్యాంకుకి వెళ్ళాను. శాంక్షన్ లెటరు, ఇంటి కాగితాల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంకలో పట్టుకొచ్చారు నాన్న. కుర్చీ అంచున కూర్చుని "32 లక్షలు ఎలా తీర్చాలి సార్" అన్నారు. మేనేజరుగారు కంప్యూటర్ స్క్రీన్ మా వైపు తిప్పారు. శాంక్షన్ 32 లక్షలే, కానీ అప్పటికి విడుదలైంది 13 లక్షల చిల్లర. "మిగతాది మేం ఇవ్వనేలేదు కదండీ, అది మీ అప్పెలా అవుతుంది?" అన్నారాయన. నాన్న కవర్ని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి ఆనుకున్నారు. వారం రోజుల్లో ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి.

అప్పు అంటే విడుదలైన మొత్తం, దాని మీద వడ్డీ. మామూలుగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా ఈఎంఐ ఉండదు. మానేస్తే ఆ గడువు ముందుకు జరగొచ్చు. అందుకే బ్యాంకు కనిపెట్టేదాకా ఆగకుండా మీరే వెళ్ళి, విత్‌డ్రాయల్ లెటరు ఇచ్చి, ఉద్యోగం దొరికేదాకా కొంత సమయం కావాలని రాతలో అడగండి. వడ్డీ అయినా కడుతుంటే మాట నిలబడుతుంది. 13 లక్షలకి 11 శాతం లెక్కన ఏడాదికి 1,43,000, అంటే నెలకి 12 వేల దాకా. రీఫండ్ వస్తే నేరుగా లోను ఖాతాలో వేయండి. ఈఎంఐ తప్పితే మీ సిబిల్‌తోపాటు, కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్నది కూడా దెబ్బతింటుంది.

తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి తీసుకున్నాను. మానేస్తే?

అంబేడ్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి పథకాల్లో 20 లక్షల దాకా రెండు విడతల్లో ఇస్తారు. రెండో విడతకి మొదటి సెమిస్టర్ ఫలితాలు కావాలి, కాబట్టి అంతకుముందే మానేస్తే అది రాదు. అందిన విడత సంగతి మీరు సంతకం పెట్టిన పత్రాల్లో షరతులు చదివి, మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

నాన్నకి ఎలా చెప్పాలి?

టికెట్ కొనకముందు చెప్పండి. వీలైతే వీడియో కాల్‌లో, అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నప్పుడు. ముందు మీరు క్షేమమని చెప్పండి, తర్వాత కారణం, ఆ తర్వాత లెక్క. ఎంత ఖర్చయింది, ఎంత తిరిగొస్తుంది, నెలకి ఎంత కట్టాలి, వచ్చాక మొదటి ఆరు నెలలు ఏం చేస్తారు. అంకెలు లేకపోతే వాళ్ళ భయం ఎక్కడిదాకా వెళ్తుందో అంతుండదు. మొదటి రోజు కోపంగా ఏదైనా అన్నా ఫోన్ పెట్టేయకండి.

అమ్మానాన్నలకీ ఒక మాట. "ఊళ్ళో ఏమని చెప్పుకోవాలి?" అన్నది పిల్లవాడు వినే మొదటి మాట కాకుండా చూడండి. మా తమ్ముడు శంషాబాద్‌లో దిగిన రోజు అమ్మ "సన్నబడ్డావురా" అని మాత్రమే అంది. వాడు ఆ మాటే ఇప్పటికీ చెబుతుంటాడు.

## తిరిగి వచ్చాక

మళ్ళీ వెళ్ళొచ్చా?

అనుమతితో మానేస్తే వెళ్ళొచ్చు. 5 నెలలలోపు అదే చదువుకి తిరిగి వెళ్ళేటట్టయితే, డీఎస్ఓ పాత సెవిస్ రికార్డునే తిరిగి చెల్లుబాటు చేయించే అవకాశం ఉంది. బయల్దేరేముందే ఆయనతో మాట్లాడాలి. 5 నెలలు దాటితే కొత్త ఐ-20, మళ్ళీ 350 డాలర్ల సెవిస్ ఫీజు, పాస్‌పోర్టులో వీసా గడువు ఇంకా ఉన్నా కొత్త వీసా తీసుకోవాల్సి రావచ్చు. ఓపీటీకి, సీపీటీకి (చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చే అనుమతి) కావలసిన ఒక విద్యా సంవత్సరం లెక్క కూడా మొదటి నుంచి మొదలవుతుంది.

వీసా దరఖాస్తులో, హైదరాబాద్ కాన్సులేట్ ఇంటర్వ్యూలో ఇంతకుముందు వెళ్ళిన సంగతి దాచొద్దు. వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. ఎందుకు మానేశారు, ఇప్పుడు ఏం మారింది అన్నవి రెండు మూడు వాక్యాల్లో సూటిగా చెప్పడం సాధన చేయండి.

జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ మళ్ళీ రాయాలా?

జీఆర్ఈ స్కోరు 5 ఏళ్ళు, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు 2 ఏళ్ళు చెల్లుతాయి. ఇక్కడే ఎంటెక్ చేద్దామనుకుంటే, గేట్ స్కోరు 3 ఏళ్ళు పనికొస్తుంది. రాసి ఉంటే తేదీ చూసుకోండి.

రెజ్యూమేలో ఈ ఏడాదిని ఏమని రాయాలి?

ఉన్నది ఉన్నట్టు. యూనివర్సిటీ పేరు, నెలలు, పూర్తి చేసిన సబ్జెక్టులు రాసి, డిగ్రీ పూర్తి కాలేదని స్పష్టంగా పెట్టండి. డిగ్రీ ఉన్నట్టు అనిపించేలా రాస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో దొరికిపోతారు. మా తమ్ముడు అక్కడ చేసిన డేటాబేస్ ప్రాజెక్టుని రెజ్యూమేలో మొదటే పెట్టాడు. "ఎందుకు వచ్చేశారు?" అని అడిగితే "ఇంటి పరిస్థితుల వల్ల ఖర్చు భరించలేకపోయాం" అని ఒక్క ముక్కలో చెప్పేవాడు. మూడో ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడగనే లేదు, అరగంటా ప్రాజెక్టు గురించే అడిగారట.